ఆయన సిమ్‌కి రీచార్జ్ ఆపకండి: భర్త పోయాక పిల్లల తల్లి చేసుకోవాల్సిన కాగితాల పని

2025 జనవరిలో మా ఆయన పోయారు. వయసు 41. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి ఛాతీలో మంటగా ఉందన్నారు. గ్యాసేమో అనుకుని సోడా తెప్పించాను. తెల్లారేసరికి ఏలూరులో ఆసుపత్రిలో అంతా అయిపోయింది. అప్పటికి పాప ఎనిమిదో తరగతి, బాబు ఐదో తరగతి. మాది తణుకు పక్కన. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టుకునేదాన్ని. ఆయన కాగితాలు బీరువాలో ఏ అరలో ఉంటాయో కూడా నాకు తెలియదు.

ఆ తర్వాత నెలల తరబడి తిరిగి తిరిగి కొంత నేర్చుకున్నాను. మా వీధిలో ఇంకో ఇద్దరికి దగ్గరుండి ఈ పనులే చేయించాను. మా ఆయనలా ప్రైవేటు ఉద్యోగం చేస్తూ పోయినవాళ్ల భార్యలకే ఇది ఎక్కువ పనికొస్తుంది. ప్రభుత్వ ఉద్యోగి అయితే ఆ డిపార్ట్‌మెంటే ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు కదుపుతుంది, ఆ దారి వేరు.

అన్నిటికన్నా ముందు ఫోను సంగతి. చనిపోయిన మనిషి ఫోన్‌కి రీచార్జ్ ఎందుకని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. మా మరిది అన్నాడు. ఆ నంబరుకే పీఎఫ్ ఓటీపీ వస్తుంది, బ్యాంకు మెసేజీలు వస్తాయి, ఆధార్‌కి లింకయింది కూడా అదే. సిమ్ పోతే తాళంచెవి పోయినట్టే. చౌకగా ఉండే ప్లాన్ ఏదో ఒకటి వేయించండి, ఫోను మీ దగ్గరే పెట్టుకోండి. ఆ ఫోనులో పాత మెసేజీలు చెరపొద్దు. ఏ బ్యాంకులో ఖాతా ఉందో, ఏ ఇన్సూరెన్సు కడుతున్నారో నాకు తెలిసింది వాటివల్లే.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఏటీఎం కార్డు ఉంది కదా అని ఆయన ఖాతాలోంచి డబ్బు లాగకండి. పిన్ తెలుసు కదా, మన డబ్బే కదా అనిపిస్తుంది. ఖాతాదారు పోయాక అలా తీయకూడదు. రేపు అత్తింటివాళ్లతో మాట తేడా వస్తే అదే మీ మెడకు చుట్టుకుంటుంది.

డెత్ సర్టిఫికెట్ మనిషి పోయిన ఊళ్లో ఇస్తారు, మనం కాపురం ఉన్న ఊళ్లో కాదు. ఇది తెలియక మా ఊరి సచివాలయానికి రెండుసార్లు వెళ్లొచ్చాను. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్లే ఆ ఊరి మున్సిపాలిటీకి రాసి పంపాలి. ఇంట్లో పోతే ఇంటివాళ్లు చెప్పాలి. 21 రోజుల్లోపు నమోదైతే ఫీజు ఉండదు. 30 రోజుల దాకా లేటు ఫీజుతో అవుతుంది. అదీ దాటితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటిందంటే రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్డరు తెచ్చుకోవాలి.

మన ఇళ్లలో ఈ 21 రోజులే చిక్కు. పదకొండు, పన్నెండు, పెద్దకర్మ, ఆ తర్వాత నెల రోజులు గడప దాటకూడదంటారు. మా అత్తయ్యా మొదట అదే అన్నారు. పదమూడో రోజున నేనే బస్సెక్కి ఏలూరు వెళ్లాను. ఎదురొచ్చానని ఎవరో ముఖం తిప్పుకున్నారు కూడా. తిప్పుకోనివ్వండి. మీరు వెళ్లలేకపోతే తమ్ముణ్ణో మరిదినో పంపండి, కానీ ఆధార్ జిరాక్స్ చేతికిచ్చి పంపండి. ఎందుకో చెప్తాను.

ఆసుపత్రివాళ్లు పంపిన కాగితంలో ఆయన పేరు చివర ఇంగ్లిష్‌లో ఒక ‘ఏ’ ఎగిరిపోయింది. ఇంటిపేరు ముందుండాల్సింది వెనక్కి వెళ్లింది. సర్టిఫికెట్ అచ్చయి వచ్చాకే చూశాను. ఆ ఒక్క అక్షరం కోసం నాకు ఆరు వారాలు పట్టింది. పీఎఫ్ ఆఫీసులో కూర్చునే మనిషికి మన ఏడుపు కనపడదు, అక్షరాలే కనపడతాయి. కాబట్టి ప్రింటు తీయకముందే స్క్రీన్ మీద చూపించమని అడగండి. ఆయన పేరు, తండ్రి పేరు, తేదీ, మీ పేరు, అన్నీ ఆధార్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. కనీసం పది కాపీలు తీసుకోండి. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తీసుకోండి.

దాని వెంటే సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టండి. వీఆర్వో వచ్చి ఇరుగుపొరుగుని అడిగి రాసుకుంటారు, తహసీల్దార్ ఇస్తారు. అందులో మీరు, పిల్లలు, అత్తగారు అందరూ ఉండాలి. అత్తగారి పేరు వదిలేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకు ఆస్తిలో తల్లికి భార్యాపిల్లలతో సమానంగా వాటా ఉంది. మా ఇంట్లో అలా నాలుగు వాటాలు. మామగారు బతికుంటే ఆయనకి ఈ వరసలో వాటా రాదు. ఇదంతా ముందే అందరూ కూర్చుని మాట్లాడుకుంటే గొడవ ఉండదు.

ఇక పీఎఫ్. అసలు డబ్బంతా ఉండేది ఇక్కడే, మనకు చెప్పనిదీ ఇక్కడే.

జీతం చీటీలో పీఎఫ్ అని కట్ అయిందంటే దాని వెనక మూడు ఉంటాయి. ఆయన దాచుకున్న పీఎఫ్ డబ్బు ఒకటి. ఈపీఎస్ అనే నెలవారీ పింఛను రెండోది. ఈడీఎల్ఐ అనే ఇన్సూరెన్సు మూడోది. ఈ మూడోదానికి ఉద్యోగి జీతం నుంచి పైసా కట్ కాదు, కంపెనీయే కడుతుంది. అందుకే చీటీలో కనపడదు, భార్యకి తెలియదు. మా ఆయన పనిచేసిన చోట గుమాస్తాని అడిగితే, ‘ఇన్సూరెన్సా? అలాంటిదేం లేదమ్మా, పీఎఫ్ ఒక్కటే’ అన్నాడు. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ఇంటికి వచ్చి మా పిన్ని కొడుక్కి ఫోన్ చేస్తే, ‘అక్కా, ఫారం 5ఐఎఫ్ అని అడుగు’ అన్నాడు. మర్నాడు వెళ్లి ఆ మాటే అన్నాను. గుమాస్తా సొరుగులోంచి ఫారం తీశాడు.

లెక్క ఇలా వేస్తారు. ఆఖరి పన్నెండు నెలల జీతం, అంటే బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి పీఎఫ్ కట్టిన జీతం సగటు తీసి 35తో గుణిస్తారు. ఆ సగటు 15,000 దాటి తీసుకోరు. దానికి ఆ ఏడాది పీఎఫ్ నిల్వ సగటులో సగం కలుపుతారు, అది 1,75,000 దాటదు. మొత్తం మీద 7 లక్షలు గరిష్ఠం. మా ఆయన సగటు 13,000. 35తో గుణిస్తే 4,55,000. పీఎఫ్ నిల్వ సగటు 2,10,000, అందులో సగం 1,05,000. కలిపి 5,60,000. ఆ గుమాస్తా మాట విని వెనక్కి వచ్చి ఉంటే పోయేది అంతా. ఉద్యోగంలో ఉండగా పోతేనే ఇది వస్తుంది. డ్యూటీలోనే పోవాలని లేదు, సెలవులో ఉన్నా, ఇంట్లో పోయినా వస్తుంది.

పింఛనుకి ఫారం 10డీ, పీఎఫ్ డబ్బుకి ఫారం 20. ఈ మూడూ కలిపి ఇప్పుడు ఒకే ఫారం కూడా ఉంది, మరణించినవారి కాంపోజిట్ క్లెయిమ్ అంటారు. దానికి డెత్ సర్టిఫికెట్, మీ ఆధార్, మీ బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, ఫొటోలు పెట్టాలి. కంపెనీ సంతకం కావాలి. ఆయన బతికుండగా ఆన్‌లైన్‌లో ఈ-నామినేషన్ చేసి ఉంటే నామినీ ఇంట్లోంచే క్లెయిమ్ పెట్టుకోవచ్చు. మా ఆయన చేయలేదు. ఇది చదువుతున్న మగవాళ్లెవరైనా ఉంటే ఈ రాత్రే చేసిపెట్టండి, పది నిమిషాల పని.

ఈపీఎస్ పింఛను భార్యకి వస్తుంది. పీఎఫ్ నామినేషన్‌లో పాతకాలపు పేరేదో ఉన్నా దీనికి అడ్డు కాదు, భార్యాపిల్లలు ఉండగా వేరేవాళ్లకి వెళ్లదు. ఆయన ఒక్క నెల చందా కట్టి పోయినా సరే వస్తుంది, పదేళ్లు నిండాలన్న షరతు ఇక్కడ లేదు. ‘మీ ఆయనకి తొమ్మిదేళ్లేగా’ అని నాతో అన్నవాళ్లున్నారు. కనీసం నెలకు 1,000. అది కాక ఇద్దరు పిల్లలకి, ఒక్కొక్కరికి మీ పింఛనులో పావు వంతు చొప్పున, 25 ఏళ్లు వచ్చేదాకా ఇస్తారు. మీకు 2,400 వస్తే పాపకి 600, బాబుకి 600. పిల్లల పేర్లు ఫారంలో రాయడం మర్చిపోతే ఇదంతా పోయినట్టే, కాబట్టి ఆ పట్టిక నింపారో లేదో మీ కళ్లతో చూసుకోండి. మీరు మళ్లీ పెళ్లి చేసుకుంటే మీ పింఛను ఆగుతుంది, పిల్లలది అనాథ పిల్లల రేటుకి పెరుగుతుంది. ఆ మాట భయపెట్టడానికి వాడేవాళ్లున్నారు. నెలకు రెండువేల కోసం జీవితం గురించి నిర్ణయించుకోకండి అనే నేను అంటాను, తర్వాత మీ ఇష్టం.

కాగితాలన్నీ సరిగ్గా ఉంటే 20 రోజుల్లో తేల్చాలి. తేలకపోతే పీఎఫ్ వాళ్ల గ్రీవెన్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ప్రతి నెలా 27న జిల్లాల్లో ‘నిధి ఆప్ కే నికట్’ అని పీఎఫ్ ఆఫీసర్లు వచ్చి కూర్చుంటారు. నా క్లెయిమ్ పేరు తేడాతో ఒకసారి తిరిగొచ్చింది. రెండోసారి 27న ఫైలుతో వెళ్లి ఎదురుగా కూర్చున్నాను, అప్పుడు కదిలింది.

కంపెనీ దగ్గరే ఇంకో రెండు అడగాలి. గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలంటారు కానీ మనిషి పోయినప్పుడు ఆ షరతు లేదు. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున లెక్క, నెలను 26 రోజులుగా తీసుకుంటారు. మా ఆయనకి ఏడాదికి 7,500 చొప్పున తొమ్మిదేళ్లకి 67,500 అయింది. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డు ఉంటే అంత్యక్రియల ఖర్చుకి 15,000 దాకా ఇస్తారు, మూడు నెలల్లోపు అడగాలి. నేను నాలుగో నెలలో అడిగాను.

ఇప్పుడు ఆయన బ్యాంకు పాస్‌బుక్ తీసి ఎంట్రీలు వేయించండి. మే నెలాఖరు దగ్గర 436 రూపాయలు కట్ అయిందేమో చూడండి. అయితే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఎలా పోయినా 2 లక్షలు. 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతేనే 2 లక్షలు, దానికి ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు కావాలి. క్లెయిమ్ ఫారం ఆ బ్యాంకు బ్రాంచిలోనే ఇస్తారు. నెల రోజుల్లోపు పెట్టడం మంచిది. రెండు బ్యాంకుల్లో రెండుసార్లు 436 కట్ అయినా ఒక్కదానికే వస్తుంది. మా పాస్‌బుక్‌లో ఆ గీత మసకగా ఉంది, కుట్టుమిషన్ లైటు కింద పెట్టి చదివాను. ఆయన ఎప్పుడు సంతకం పెట్టారో నాకు చెప్పనేలేదు.

ఆయన ఖాతాలో డబ్బుకి నామినీ మీరైతే బ్యాంకు కోర్టు కాగితం అడగకూడదు. క్లెయిమ్ ఇచ్చాక 15 రోజుల్లో తేల్చాలని రిజర్వు బ్యాంకు నిబంధన. బండి లోను, ఇంటి లోను ఉంటే వాయిదా కట్టేముందు ‘దీనికి ఇన్సూరెన్సు ఉందా’ అని అడగండి. మీకై మీరు అడిగితేనే చెప్తారు.

గల్ఫ్‌లో పోయినవారి భార్యలకి ఒక ముక్క. ఆయన పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వెళ్లి ఉంటే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో పోతే 10 లక్షలు. ఏజెంటు ఇచ్చిన కాగితాల్లో ఆ పాలసీ వెతకండి.

ఇక మా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను. అందరూ మొదట అడిగేది ఇదే. ఎన్టీఆర్ భరోసాలో వితంతువుకి 2024 జులై నుంచి నెలకు 4,000, ఒకటో తేదీన సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చిస్తారు. భర్త అప్పటికే వృద్ధాప్య పింఛను తీసుకుంటూ పోతే భార్యకి స్పౌజ్ పింఛను కింద త్వరగా మారుస్తారు. మా వీధి చివర తాత పోతే అవ్వకి అలాగే వచ్చింది. మనలాంటివాళ్లది కొత్త దరఖాస్తు. ఆరు దశల వడపోత ఉంటుంది. నెల ఆదాయం పల్లెలో 10,000, పట్నంలో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. కారు, ప్రభుత్వ ఉద్యోగం, ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు.

వీటికన్నా ఎక్కువమంది దెబ్బతినేది హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ దగ్గర. సచివాలయం కంప్యూటర్‌లో మీరు ఏ ఇంటి లెక్కలో ఉన్నారన్నదే ముఖ్యం. ఒక ఇంటికి ఒక పింఛనే అంటారు. మా అత్తయ్యకి వృద్ధాప్య పింఛను వస్తోంది, నేను అదే మ్యాపింగ్‌లో ఉన్నాను, అందుకని నాకు లేదన్నారు. పుట్టింటికి వెళ్లి అక్కడ చేరితే మా నాన్న రిటైర్డ్ ప్రభుత్వ ఉద్యోగి, అప్పుడు అసలే లేదు. కాబట్టి ఇల్లు మారేముందు, రేషన్ కార్డులో ఎవరి పక్కన చేరతారో ఆలోచించుకుని మారండి. ఎవరో చెప్పారని హడావిడిగా పుట్టింటి కార్డులో పేరు ఎక్కించుకోకండి.

తెలంగాణలో ఉంటే నెలకు 2,016, దరఖాస్తు పల్లెలో ఎంపీడీవో ఆఫీసులో, పట్నంలో మున్సిపాలిటీలో. అలాగే సంపాదించే మనిషి అరవై ఏళ్లలోపు పోయిన పేద కుటుంబానికి కేంద్రం జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒక్కసారి 20,000 ఇస్తుంది. తహసీల్దార్ ఆఫీసులో ఆ పేరు చెప్పి అడగండి.

పిల్లల కోసం మిషన్ వాత్సల్య ఉంది. తండ్రి పోయి తల్లి దగ్గర పెరిగే పిల్లలకి స్పాన్సర్‌షిప్ కింద ఒక్కొక్కరికి నెలకు 4,000, 18 ఏళ్లలోపు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెలో 72,000, పట్నంలో 96,000 లోపు ఉండాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి దరఖాస్తు పెట్టాలి. నాకీ సంగతి చెప్పింది మా అంగన్‌వాడీ టీచరమ్మ. స్టడీ సర్టిఫికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్ పెట్టి ఇచ్చాను. కమిటీ కూర్చున్నప్పుడే మంజూరవుతుంది, అప్పటిదాకా ఓపిక పట్టాలి. ఆడపిల్లని హాస్టల్లో చదివించుకోవాలంటే కస్తూర్బా గాంధీ విద్యాలయాల్లో తండ్రిలేని పిల్లలకి ప్రాధాన్యం ఉంటుంది, ఆరో తరగతి నుంచి చేర్చుకుంటారు.

బడికెళ్లే పిల్లల కోసం రాష్ట్రం ఇచ్చే తల్లికి వందనం డబ్బు 2025 జూన్‌లో ఒక్కో పిల్లకి 13,000 తల్లి ఖాతాలో వేశారు. నాకు రాలేదనుకుని సచివాలయంలో రెండు రోజులు గొడవపడ్డాను. తీరా చూస్తే ఎప్పుడో డ్వాక్రాలో తెరిచి మర్చిపోయిన ఖాతాకి పడింది. ఆధార్ ఆఖరున ఏ బ్యాంకుకి లింకయితే ప్రభుత్వం డబ్బు అక్కడికే వెళ్తుంది. దాన్నే ఎన్‌పీసీఐ లింక్ అంటారు. ఏ దరఖాస్తు పెట్టినా ముందు ఇది చూపించుకోండి.

పిల్లల పేరిట వచ్చిన డబ్బుకి, వాటాకి తల్లే గార్డియన్. అయితే మైనర్ వాటా ఉన్న ఇల్లు, పొలం అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. ‘అమ్మేసి అప్పు తీర్చేద్దాం’ అని తొందరపెట్టేవాళ్లకి ఈ ఒక్క మాట చెప్పండి, వాళ్లే వెనక్కి తగ్గుతారు.

దళారుల గురించి చెప్పకపోతే పని పూర్తికాదు. పీఎఫ్ త్వరగా తెప్పిస్తానని ఒకాయన నా దగ్గర 3,000 తీసుకున్నాడు, ఫోన్ ఎత్తడం మానేశాడు. పైన చెప్పిన వాటిలో దేనికీ కమిషన్ అక్కర్లేదు. ‘ఢిల్లీ నుంచి మాట్లాడుతున్నాం, మీ ఆయన డబ్బు వచ్చింది, ఓటీపీ చెప్పండి’ అని కూడా ఫోన్లు వస్తాయి. పెట్టేయండి.

పీఎఫ్ పింఛను మొదలయ్యాక ఏడాదికి ఒకసారి జీవన్ ప్రమాణ్, అంటే బతికే ఉన్నామన్న రుజువు, ఇవ్వాలి, లేకపోతే ఆగిపోతుంది. ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. ఆధార్, పింఛను నంబరు పట్టుకుని బ్యాంకుకి గానీ మీసేవకి గానీ వెళ్లి తంబ్ వేస్తే చాలు. కుట్టుపని చేసేవాళ్లకి వేలిముద్ర అరిగి ఒక్కోసారి పడదు, వేరే వేలు పెట్టనివ్వమని అడగండి. నేను మొన్ననే మొదటిసారి వేసి వచ్చాను. పాప పుట్టినరోజు వారంలో వేశాను, వచ్చే ఏడాది మర్చిపోకుండా ఉంటానని.